ఎత్తు చూసి ఎగరేయకండి, స్కోరు చూసి కింద పడేయకండి

మీ అబ్బాయికి పదిహేనేళ్లకే ఆరడుగుల మూడంగుళాలు వచ్చాయనుకోండి. జిల్లా బాస్కెట్‌బాల్ పోటీల్లో రింగ్ కింద నిలబడితే చాలు, బంతి అతని చేతికే వస్తుంది. పీఈటీ సార్ పేరు పంపారు. రాష్ట్ర జట్టు అయింది, జాతీయ శిబిరం అయింది, చివరికి భారత్ జెర్సీ వేసుకుని అంతర్జాతీయ టోర్నీకి వెళ్లాడు. మీరు ఇంటిల్లిపాదీ కూర్చుని ఫోన్‌లో మ్యాచ్ చూశారు. సెంటర్‌గా పదకొండు నిమిషాలు ఆడాడు. రెండు పాయింట్లు చేశాడు. జట్టు ముప్పై పాయింట్ల తేడాతో ఓడింది.

ఇప్పుడు చెప్పండి, మీవాడు బాగా ఆడాడా, లేదా?

"రెండు పాయింట్లేనా?" అని చిన్నాయన అప్పుడే అనేసి ఉంటాడు. "మనోళ్లకు అవకాశం ఇస్తే కదా" అని మేనమామ కోచ్‌ను తిట్టి ఉంటాడు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. కానీ ఇద్దరి దగ్గరా తీర్పు చెప్పడానికి కావలసిన సమాచారం లేదు. ఆ మాటలు మాత్రం పిల్లాడి చెవిన పడతాయి, ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఈ అధ్యాయం కర్నూలు, కడప వైపు ఆటల్లో ఎదుగుతున్న పిల్లల తల్లిదండ్రుల కోసం, పీఈటీ సార్ల కోసం, ఆడుతున్న పిల్లల కోసం కూడా. ఇక్కడ నేర్చుకోబోయేది ఒక్కటే: పిల్లాడికి ఏ పని అప్పగించారు, ఎవరి మీద ఆడాడు, పోయినసారికన్నా ఎంత మెరుగయ్యాడు అన్న మూడింటిని కలిపి చూడటం. ఆ చూపు వస్తే రేపటి ప్రాక్టీసులో ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది. రేపటి ప్రాక్టీసుకు పనికిరాని తీర్పు ఎంత ఘాటుగా చెప్పినా వృథా.

ముందు మన కడప అమ్మాయి లెక్క చూద్దాం

బాస్కెట్‌బాల్‌లోకి వెళ్లేముందు మనందరికీ తెలిసిన ఆటతో మొదలుపెడదాం. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి ఖోఖో, అథ్లెటిక్స్ దాటి క్రికెట్‌కు వచ్చింది. పేస్ బౌలింగ్‌తో మొదలుపెట్టి ఎడమచేతి స్పిన్‌కు మారింది. 2025 ఏప్రిల్‌లో భారత్ తరఫున తొలి వన్డే ఆడింది. ఆరు నెలలు తిరిగేసరికి ప్రపంచకప్ ఆడుతోంది.

ఆ ప్రపంచకప్‌లో రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టండి.

అక్టోబర్ 12న విశాఖపట్నంలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. భారత్ ఓడింది. ఆ రోజు శ్రీచరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. నవంబర్ 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాతో ఫైనల్. భారత్ 52 పరుగుల తేడాతో గెలిచి కప్పు ఎత్తింది. ఆ రోజు ఆమె 9 ఓవర్లలో 48 పరుగులిచ్చి ఒక వికెట్ తీసింది.

ఏ రోజు బాగా బౌలింగ్ చేసింది? కప్పు గెలిచిన రోజా? ఓడిన రోజా?

ఓడిన రోజే. ఓవర్‌కు ఆరున్నరకు పైగా పరుగులు కావలసిన ఛేదనలో, సొంత బ్యాటింగ్ బలం నమ్ముకున్న ఆస్ట్రేలియా మీద, ఓవర్‌కు నాలుగు చొప్పున ఇచ్చి మూడు వికెట్లు తీయడం చాలా పెద్ద పని. జట్టు ఫలితం ఒక లెక్క, ఆటగాడి పనితీరు ఇంకో లెక్క. ఈ రెండింటినీ విడదీయడం వస్తే మీరు సగం దారి వచ్చినట్టే.

క్రికెట్‌లో ఇది కొంత తేలిక. బౌలర్ చేసిన పని అంకెల్లో కనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ సెంటర్ దగ్గరకొచ్చేసరికి కష్టమవుతుంది. ఎందుకంటే అతను చేసే పనిలో చాలా భాగం స్కోర్‌షీట్ ఎక్కదు. అందుకే ఒక్కో మెట్టూ ఓపిగ్గా ఎక్కుదాం.

1. పాయింట్లు అడిగేముందు, అప్పగించిన పని అడగండి

సెంటర్ అంటే బుట్టలో బంతి వేసేవాడు అన్నది మన పక్క బడి మైదానాల్లో పుట్టిన అభిప్రాయం. అక్కడ ఎత్తున్న పిల్లాడికి బంతి ఇస్తే పాయింట్లు వస్తాయి కాబట్టి అందరూ అతనికే ఇస్తారు. జాతీయ జట్టులో అలా జరగదు. అక్కడ కోచ్ అతనికి ఇలాంటి పనులు అప్పగిస్తాడు:

— తోటి గార్డ్‌కు దారి దొరికేలా ప్రత్యర్థికి అడ్డంగా స్థిరంగా నిలబడటం. దీన్నే స్క్రీన్ అంటారు.
— షాట్ పడగానే ఎదుటి సెంటర్‌ను వీపుతో వెనక్కి నెట్టి ఉంచడం. ఇది బాక్సౌట్.
— ఎవరైనా లోపలికి దూసుకొస్తే రింగ్ ముందు చేతులెత్తి నిలబడటం.
— బంతి పోగానే అందరికన్నా ముందు వెనక్కి పరుగెత్తడం.

ఈ నాలుగింటికీ పాయింట్లు రావు. ఇవి లేకుండా జట్టుకు గెలుపూ రాదు.

ఏం చేయాలి? టోర్నీకి వెళ్లేముందే పిల్లాణ్ని ఒక్క ప్రశ్న అడగండి: "నాయనా, ఈ జట్టులో కోచ్ నీకు చెప్పిన పని ఏంది?" అతను స్పష్టంగా చెప్పగలిగితే సంతోషించండి. చెప్పలేకపోతే కోచ్‌నే అడిగి తెలుసుకోమని చెప్పండి. మీరు ఫోన్ చేయకండి, అతనే అడగాలి. తన పని తనకు తెలిసిన పిల్లాడు పాయింట్లు లేని రోజున కూడా కుంగిపోడు.

2. నిమిషాలు చూడకుండా అంకెలు చదవకండి

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ మ్యాచ్ పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాలు. మీ పిల్ల అందులో ఎంతసేపు ఉందో ముందు చూడండి.

ఒక ఉదాహరణ. ప్రొద్దుటూరు అమ్మాయి 12 నిమిషాలు ఆడి 4 పాయింట్లు, 5 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతుల్ని అందుకోవడం) తెచ్చిందనుకుందాం. అదే జట్టులో ఇంకో సెంటర్ 34 నిమిషాలు ఆడి 12 పాయింట్లు, 8 రీబౌండ్లు తెచ్చింది. పైకి చూస్తే రెండో అమ్మాయే ఎంతో మెరుగు. ఇప్పుడు ఇద్దరికీ 40 నిమిషాల లెక్క వేయండి. పాయింట్లు దాదాపు సమానం: 13, 14. రీబౌండ్లు మాత్రం ప్రొద్దుటూరు అమ్మాయికి 16 దాటుతాయి, రెండో అమ్మాయికి 9 దగ్గరే ఆగిపోతాయి.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త. పన్నెండు నిమిషాలు అలసట లేకుండా ఆడటం వేరు, ముప్పై నాలుగు నిమిషాలు అదే వేగంతో నిలబడటం వేరు. పైగా ఆ పన్నెండు నిమిషాలు మ్యాచ్ తేలిపోయాక, ఎదుటి జట్టు తన రెండో వరుస పిల్లల్ని దింపాక వచ్చినవి కావచ్చు. కాబట్టి ఈ లెక్కతో "మా అమ్మాయే గొప్ప" అని వాదించకండి. "ఎక్కువ నిమిషాలు దొరికితే నిలబడగలిగే దమ్ము పెంచుకుందాం" అని అడుగు ముందుకు వేయండి.

3. ఎదురుగా నిలబడింది ఎవరో తెలుసుకోండి

నంద్యాలలోనో రాయచోటిలోనో ఆరడుగుల మూడంగుళాల పిల్లాడు అందరికన్నా పొడుగు. ఆసియా స్థాయికి వెళ్తే ఎదుటి జట్టులో బంతి నడిపించే గార్డ్‌కే ఆ ఎత్తు ఉండొచ్చు. అప్పటిదాకా ఎత్తు మీద గెలిచిన పిల్లాడు మొదటిసారి తనకన్నా పొడుగైనవాడి మీద షాట్ వేయాలి. ఆ రోజు వచ్చిన రెండు పాయింట్లు, జిల్లా పోటీలో వచ్చిన ఇరవై పాయింట్లకన్నా విలువైనవి కావచ్చు.

ప్రత్యర్థిని చూడటమంటే ఒక్క గెలుపుకు పొంగిపోకపోవడం కూడా. 2014లో చైనాలోని వూహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత పురుషుల జట్టు చైనాను 65-58తో ఓడించింది. ఎప్పటికీ గుర్తుంచుకోవలసిన గెలుపు అది. 2025 ఆసియా కప్‌కు వచ్చేసరికి చైనా ఫైనల్ దాకా వెళ్లింది, మన జట్టు గ్రూప్ దశ దాటలేదు. ఒక గొప్ప రోజు మన సత్తా ఎక్కడిదాకా వెళ్లగలదో చూపిస్తుంది. రోజూ ఆ ఎత్తులో ఉండటం మాత్రం వేరే సాధన.

ఏం చేయాలి? మ్యాచ్ అయ్యాక "ఎన్ని కొట్టినావ్?" అనే బదులు "నీ మీద ఆడినోడు ఎట్లాంటోడు? వాడి దగ్గర నీకు నచ్చిన పని ఏంది?" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే రాబోయే ఆరు నెలల ప్రాక్టీసు దొరుకుతుంది.

4. ఒక క్వార్టర్ బంతిని వదిలేసి మీ పిల్లాణ్నే చూడండి

మన కళ్లు బంతి వెంటే పరుగెడతాయి. సెంటర్ అసలు పని మాత్రం బంతికి దూరంగా జరుగుతుంది. వీడియో దొరికితే ఒక క్వార్టర్ మళ్లీ చూడండి. ఈసారి బంతి ఎటుపోయినా పట్టించుకోకండి. కాగితం మీద ఐదు గడులు గీసి, కనిపించినప్పుడల్లా గీత పెట్టండి:

మొదటి గడి: షాట్ పడగానే ప్రత్యర్థిని వెతికి అడ్డుకున్నాడా, లేక బంతి వైపు చూస్తూ నిలబడిపోయాడా?

రెండో గడి: స్క్రీన్ పెట్టినప్పుడు కాళ్లు స్థిరంగా ఉన్నాయా? కదులుతూ ప్రత్యర్థిని తగిలితే అది ఫౌల్.

మూడో గడి: బ్లాక్ దొరకకపోయినా చేతులెత్తి నిలబడి షాట్‌ను చెడగొట్టాడా? ఇది స్కోర్‌షీట్‌లో ఎక్కడా ఉండదు. మంచి కోచ్ మాత్రం మొదట వెతికేది దీన్నే.

నాలుగో గడి: బంతి పోయాక వెనక్కి పరుగెత్తాడా, నడిచాడా?

ఐదో గడి: వెనకనుంచి తోటివాళ్లకు కేకేసి చెబుతున్నాడా? కోర్టు మొత్తం కనిపించేది వెనక నిలబడ్డ సెంటర్‌కే. అతను నోరు విప్పకపోతే నలుగురు గుడ్డిగా ఆడాల్సి వస్తుంది.

అంతర్జాతీయ నియమాల్లో ఇంకో సంగతి ఉంది. షాట్ వేసిన బంతి ఒకసారి రింగ్‌ను తాకితే చాలు, రింగ్ మీద ఆడుతుండగానే దాన్ని చేత్తో తోసేయొచ్చు, లోపలికి తట్టేయొచ్చు. అమెరికా ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లు చూసి నేర్చుకున్న పిల్లలు అక్కడి నియమం వేరు కావడంతో ఆగిపోతుంటారు. మీ పిల్లాడు ఈ అవకాశాన్ని వాడుకుంటున్నాడా? ఎత్తున్నవాడికి ఈ నియమం ఒక వరం.

5. ఎఫిషియెన్సీ గడిని చదవడం నేర్చుకోండి, దానికి దాసులు కాకండి

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఇచ్చే గణాంకాల పట్టికలో ఎఫిషియెన్సీ అని ఒక అంకె ఉంటుంది. లెక్క తేలికే. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు, స్టీల్స్, బ్లాక్‌లు అన్నీ కూడండి. అందులోంచి తప్పిపోయిన షాట్లు, తప్పిపోయిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు తీసేయండి.

మీవాడు 6 పాయింట్లు, 7 రీబౌండ్లు, 1 అసిస్ట్, 1 బ్లాక్ తెచ్చాడనుకుందాం. మొత్తం 15. నాలుగు షాట్లు, రెండు ఫ్రీ త్రోలు తప్పాయి, రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మొత్తం 8. మిగిలింది 7.

ఈ ఏడును చూసి ఏం అర్థం చేసుకోవాలి? అందులో రెండు తగ్గింది ఫ్రీ త్రోల వల్లే. ఎవరూ అడ్డురాని షాట్ అది. సెంటర్ రింగ్ దగ్గర ఆడతాడు కాబట్టి ప్రత్యర్థులు అతని మీద ఫౌళ్లు చేస్తూనే ఉంటారు, అంటే ఫ్రీ త్రోలు దొరుకుతూనే ఉంటాయి. రోజూ ప్రాక్టీసు చివర, ఒళ్లు అలసిపోయాక, యాభై ఫ్రీ త్రోలు వేయిస్తే చాలు, వచ్చే టోర్నీకి ఈ అంకె పెరుగుతుంది. అంకెను ఇలా ప్రాక్టీసుగా మార్చుకోవాలి.

పక్కనే ఇంకో గడి ఉంటుంది: అతను కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎంత ముందుకు వెళ్లింది, ఎంత వెనకబడింది అని చెప్పే ప్లస్-మైనస్. ఇది ఐదుగురి పనికి వచ్చిన అంకె. ఒక్క మ్యాచ్‌లో మైనస్ చూసి మీవాడి మీద రుద్దకండి.

6. తప్పుల్ని నాలుగు కుప్పలుగా విడదీయండి

"తప్పులు చేశాడు" అనే మాట ఎవరికీ పనికిరాదు. ఏ రకం తప్పు అన్నదాన్ని బట్టే మందు మారుతుంది.

తెలియక చేసినవి: ప్రత్యర్థి రింగ్ ముందున్న గీతల మధ్య మూడు సెకన్లకు మించి నిలబడి విజిల్ వేయించుకోవడం లాంటివి. నియమం చెప్పి, ప్రాక్టీసులో లెక్కపెట్టిస్తే పోతాయి.

చేతకాక చేసినవి: ఎడమచేత్తో షాట్ రాకపోవడం, బంతిని తడబడుతూ పట్టుకోవడం. వీటికి నెలల సాధన కావాలి. తిడితే రావు.

అలసి చేసినవి: నాలుగో క్వార్టర్‌లోనే ఫౌళ్లు, ఆలస్యంగా ఎగరడం. ఇక్కడ కావలసింది దమ్ము, నిద్ర, తిండి.

ఆవేశంలో చేసినవి: బంతి పోగానే కోపంతో వెనకనుంచి చేయి వేయడం. వీటి గురించి నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి.

ఐదు ఫౌళ్లు పడితే ఆటగాడు బయటికి వెళ్లిపోవాల్సిందే. కుర్ర సెంటర్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌళ్లు పడితే కోచ్ భయపడి బెంచి మీద కూర్చోబెడతాడు. "అవకాశం ఇవ్వలేదు" అని కోచ్‌ను అనేముందు ఆ ఫౌళ్లు ఎప్పుడు, ఎందుకు పడ్డాయో చూడండి.

ఇంకో కారణం కూడా వెతకండి. మన పక్క చాలామంది పిల్లలు ఆరుబయట సిమెంట్ కోర్టుల మీద, ఎండ పెరగకముందు పొద్దున్నే, ఎండ తగ్గాక సాయంత్రం ఆడి పెరుగుతారు. అంతర్జాతీయ మ్యాచ్ చెక్క నేల మీద, నాలుగు గోడల మధ్య, పెద్ద దీపాల కింద జరుగుతుంది. బంతి తిరిగి లేచే తీరు మారుతుంది, బూటు పట్టు మారుతుంది, రింగ్ వెనక ఖాళీ కూడా వేరుగా అనిపిస్తుంది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో కాలు జారడం, దూరం తప్పడం సహజం. మూడో మ్యాచ్‌కు సర్దుకున్నాడా అన్నదే మీరు చూడాల్సింది. త్వరగా సర్దుకునే గుణం పెద్ద ఆటగాళ్ల గుణం.

7. ఒక్క మ్యాచ్‌తో తీర్పు చెప్పకండి

శనక్కాయ చేను ఎట్లా పండిందో చూడాలంటే రైతు గట్టు పక్కన ఒక్క చెట్టు పీకి ఊరుకోడు. చేనులో నాలుగు మూలలా, నడిమధ్యనా పీకి చూస్తాడు. పిల్లల ఆటనూ అలాగే చూడండి: బలమైన జట్టు మీద ఒకటి, సమానమైన జట్టు మీద ఒకటి, బలహీనమైన జట్టు మీద ఒకటి, టోర్నీ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి.

శ్రీచరణి దగ్గరకు మళ్లీ వెళ్దాం. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద ఆడిన తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఆ ఒక్క రోజు చూసి "సాధించేసింది" అన్నా తొందరపాటే అయ్యేది. ఆ ఐదు మ్యాచ్‌ల సిరీస్ మొత్తంలో 10 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ అయింది. తర్వాత ప్రపంచకప్‌లో తొమ్మిది మ్యాచ్‌ల్లో 14 వికెట్లు తీసింది. ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు, ఆ తొలి రోజు అదృష్టం కాదని. మ్యాచ్ తర్వాత మ్యాచ్, దేశం తర్వాత దేశం, పిచ్ తర్వాత పిచ్ మీద నిలబడింది కాబట్టి చెప్పగలుగుతున్నాం.

8. పుట్టినరోజు వయసుతో పాటు ఆట వయసు కూడా లెక్కేయండి

ఇద్దరు పదహారేళ్ల సెంటర్లు ఉన్నారు. ఒకడు ఏడేళ్లనుంచి ఆడుతున్నాడు. ఇంకొకణ్ని ఎత్తు చూసి రెండేళ్ల క్రితం మైదానంలోకి తెచ్చారు. ఇద్దరినీ ఒకే గీతతో కొలవడం న్యాయమా?

భారత జట్టుకు ఏళ్ల తరబడి సెంటర్‌గా ఆడిన అమృత్‌పాల్ సింగ్ కుర్రతనంలో కబడ్డీ ఆడేవాడు. చాలా ఆలస్యంగా, టీనేజీ చివర్లో బాస్కెట్‌బాల్ పట్టాడు. 2017లో ఆస్ట్రేలియా లీగ్‌లోని సిడ్నీ కింగ్స్ జట్టులో చోటు సంపాదించాడు. అతన్ని పదిహేడేళ్లప్పుడు చూసి "ఇక రాదు" అని ఎవరైనా అని ఉంటే?

వయసు తగ్గించి సర్టిఫికెట్ రాయించి చిన్నపిల్లల విభాగంలో ఆడించాలన్న ఆలోచన ఎవరైనా చెవిలో వేస్తే అక్కడికక్కడే కాదనండి. అది మోసం. పైగా తనకన్నా చిన్నవాళ్ల మీద గెలవడానికి అలవాటుపడ్డ పిల్లాడికి తన అసలు స్థాయి ఎప్పటికీ తెలియదు.

మామూలుగా చేసే ఐదు పొరపాట్లు

ఎత్తునే భవిష్యత్తు అనుకోవడం. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ ఏడడుగుల రెండంగుళాలు. 2015లో డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ ఎంపికగా తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు అతనే. ఒక చిన్న పల్లెనుంచి అక్కడిదాకా వెళ్లడం మహా ఘనత. అయినా ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో దిగే అవకాశం రాలేదు. ఎత్తు మీకు తలుపు తీస్తుంది. లోపల కూర్చోవాలంటే కాళ్ల వేగం, చేతి పట్టు, ఆట తెలివి కావాలి. మీ పిల్లాడి ఎత్తును పొగడటం తగ్గించి, అతను నేర్చుకున్న పనిని పొగడండి.

బంధువుల పిల్లలతో పోల్చడం. "మీ పెదనాయన కొడుకు చూడు, ఇంజనీరింగ్ సీటు కొట్టినాడు" అనే మాట ఓడివచ్చిన రోజున అస్సలు వద్దు. చదువు గురించి మాట్లాడాలి, తప్పకుండా మాట్లాడాలి. దానికి ఇంకో రోజు ఉంది.

రీల్స్ చూసి తీర్పు చెప్పడం. ముప్పై సెకన్ల వీడియోలో బ్లాకులు, డంకులే ఉంటాయి. తప్పిన బాక్సౌట్‌ను ఎవరూ రీల్ చేయరు.

కోచ్‌కు ఫోన్ చేసి నిలదీయడం. నిమిషాల గురించి అడిగే హక్కు ఆటగాడిది. "సార్, నా నిమిషాలు పెరగాలంటే నేను ఏం మెరుగుపరచుకోవాలి?" అని పిల్లాడే మర్యాదగా అడగడం నేర్పండి. ఈ ఒక్క వాక్యం జీవితమంతా పనికొస్తుంది.

కండ పెంచమని పొడులు పెట్టడం. అంతర్జాతీయ మ్యాచ్‌లో తోపులాటకు తట్టుకోలేకపోయాడని, జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బా కొనకండి. జాతీయ స్థాయికి వచ్చిన ఆటగాడికి డోపింగ్ పరీక్ష ఎప్పుడైనా జరగొచ్చు. తెలియక తీసుకున్నాను అంటే సరిపోదు, ఒంట్లోకి వెళ్లినదానికి ఆటగాడిదే బాధ్యత. దగ్గు మందు అయినా జట్టు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. పెరిగే వయసులో మోకాళ్ల నొప్పి వస్తే ఓర్చుకోమనకుండా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఇంటికొచ్చిన రోజు ఎట్లా మాట్లాడాలి?

తీర్పుకన్నా ముందు వచ్చేది పలకరింపు. రైలు దిగిన పిల్లాడితో మొదటి గంటలో ఆట మాట ఎత్తకండి. "తిన్నావా నాయనా? నిద్ర పట్టిందా?" చాలు. వాళ్ల జేజి దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. ఆట గురించి అతనే మొదలుపెట్టేదాకా ఆగండి.

మొదలుపెట్టాక సంభాషణ ఇలా సాగనివ్వండి:

"నాయనా, నేను బాగా ఆడలేదు."

"సరే. నీకు అప్పజెప్పిన పని ఏంది?"

"వాళ్ల సెంటర్‌ను లోపలికి రానీకుండా ఆపడం."

"ఎన్నిసార్లు ఆపినావు?"

"మొదట్లో ఆపలేకపోయినా. రెండో సగంలో మూడుసార్లు బయటికే నెట్టినా."

"మొదట్లో ఎందుకు కాలేదు?"

"వాడు నడుము కిందికి వంచి వస్తాడు నాయనా. నేను నిటారుగా నిలబడినా."

చూశారా? "బాగా ఆడలేదు" అన్న పిల్లాడు నాలుగు మాటల్లో తన లోపాన్నీ, దాని మందునూ తనే చెప్పాడు. మీరు తిట్టలేదు, పొగడలేదు. అడిగారంతే. మరుసటి వారం పీఈటీ సార్ దగ్గరికి వెళ్లి "సార్, నడుము వంచి నిలబడటం నేర్పించండి" అని అడగడానికి అతనికి ఇప్పుడు కచ్చితమైన కారణం ఉంది.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట. "ఇంత ఎత్తు పెరిగితే ఎట్లా మా, పెళ్లి కావద్దా" అని ఎవరైనా అంటే మీరే అడ్డుపడండి. కోర్టులో అమ్మాయి భుజాలు వంచుకుని నిలబడటం చూస్తుంటాం. ఆ వంపు ఇంటి దగ్గరి మాటలతోనే మొదలవుతుంది. భుజాలు విప్పి నిలబడలేని సెంటర్ చేతులెత్తి షాట్‌ను ఆపలేదు. ఇంట్లో దొరికే గౌరవం కోర్టులో ఆటై కనిపిస్తుంది.

ఆటలో ఎదిగిన అమ్మాయిల ఉదాహరణలకు మన దగ్గర కొదవ లేదు. కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ షేక్ బ్రెజిల్‌లో 2022లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. వినికిడి లేకుండా ఆడే ఆటలో జోడీని కళ్లతోనే అర్థం చేసుకుంటూ ఆడాలి. ఆ పతకాన్ని కొలవాలంటే ఆమె ఒక్కదాని షాట్లు లెక్కపెడితే సరిపోదు. జోడీగా చేసిన పని చూడాలి. ఐదుగురు ఆడే ఆటలో సెంటర్‌ను చూసేటప్పుడు కూడా ఇదే చూపు కావాలి.

ఈ వారం మొదలుపెట్టండి

వంద పేజీల నోటుబుక్ ఒకటి కొనండి. రాసేది ఆటగాడే, మీరు అడిగేవాళ్లు మాత్రమే. ప్రతి మ్యాచ్‌కూ, అది ఊరి పోటీ అయినా ఆసియా పోటీ అయినా, ఒక పేజీ:

— కోచ్ ఇచ్చిన పని ఏమిటి?
— ఎన్ని నిమిషాలు ఆడాను? ఫౌళ్లు ఎప్పుడు పడ్డాయి?
— నా మీద ఆడింది ఎవరు? అతని బలం ఏమిటి?
— స్కోర్‌షీట్‌లో లేని మంచి పని ఒకటి.
— పోయిన మ్యాచ్‌కన్నా మెరుగైంది ఒకటి.
— వచ్చే వారం ప్రాక్టీసులో మార్చుకోవలసింది ఒక్కటే ఒక్కటి.

చివరి గడిలో రెండు రాయనివ్వకండి. ఒక్కటి రాసి, దాన్ని వారమంతా పట్టుకుంటే అది ఒంటికి అబ్బుతుంది.

పది పేజీలు నిండాక తండ్రీ కొడుకులో, తల్లీ కూతుళ్లో కూర్చుని మొదటి పేజీనుంచి చదవండి. మెరుగైందని రాసుకున్నవి పది ఉంటాయి. అప్పుడు మీవాడు బాగా ఆడుతున్నాడా అని ఎవరైనా అడిగితే చిన్నాయన మాటమీదా, మేనమామ మాటమీదా ఆధారపడక్కర్లేదు. ఎక్కడ ఉన్నాడో, ఎటు పోతున్నాడో, ఇంకా ఏం రావాలో పిల్లాడే చెబుతాడు. తన ఆటను తానే నిజాయితీగా కొలుచుకోగలిగిన పిల్లాడికి ఏ దేశం కోర్టులోనైనా బెరుకుండదు.